సత్యవతి మేడం నేర్పిన ముఖం

సాయంత్రం పూట మా అపార్టుమెంటు సెల్లార్‌లో పిల్లలు గుడ్డసంచి తిరగేసి చదరంగం పావులను బల్ల మీద గుమ్మరిస్తారు. ప్లాస్టిక్ పావులు ఒకదాని మీద ఒకటి పడి దొర్లే ఆ చప్పుడు మెట్ల మీదుగా మా వంటగది దాకా ఎక్కి వస్తుంది. అది చెవిన పడగానే నా చేతులు వాటంతట అవే వీపు వెనక్కి పోతాయి. చేతిలో కూరగాయల సంచి ఉంటే దాన్ని కింద పెట్టి మరీ పోతాయి. "షురువైంది నీ డ్యూటీ," అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. ఆ చేతుల్ని వెనక్కి కట్టించిన మనిషి గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ మధ్య ఉప్పల్‌లో పిల్లల కోసం చెస్ అకాడమీ ఒకటి తెరిచారు. గేటు దగ్గర మొదలుపెట్టి మెయిన్ రోడ్డు దాకా ఫ్లెక్సీలు కట్టారు. ప్రతి ఫ్లెక్సీలోనూ దండాలు పెట్టే నాయకులే. ఈ చుట్టుపక్కల బస్తీల పిల్లలకు పోటీ అంటే ఏమిటో చూపించిన సత్యవతి మేడం పేరు మాత్రం ఒక్క మూలన కూడా లేదు. ఆ కోపంతోనే కూర్చుని రాస్తున్నాను. నా జీవితంలో చదివినా రాసినా కోపంతోనే చేశాను, ఇప్పుడు కొత్తగా మారేదేమీ లేదు.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఆమె చేసిన పని ఎంత కష్టమైనదో తెలియదు. నేను జనగామ దిక్కు నుంచి వచ్చి మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ మీద పనిచేసినవాణ్ని. బడి చదువు ఏడో తరగతితోనే ఆగిపోయింది. ఆ తర్వాతిదంతా సొంత చదువు: కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు, పక్కన ఒక చిరిగిన నిఘంటువు. చదరంగం కూడా అట్లాగే వంటబట్టింది. నాకున్న చిక్కల్లా ముఖంతోనే. కడుపులో ఉన్నదంతా దాని మీదికి వచ్చి కూర్చుంటుంది. సూపర్‌వైజర్ ఎవరినైనా అన్యాయంగా తిడుతుంటే నేను పెదవి కదిపేవాణ్ని కాదు, అయినా నన్ను చూసి పక్కవాళ్లు మిషన్లు ఆపేసేవారు. ఒకసారి మేనేజర్ పిలిచి, "ఎల్లయ్యా, నువ్వు నోరు మూసుకున్నా నీ మొహం యూనియనోళ్ల లెక్క గేట్ మీటింగ్ పెడ్తది గదరా," అన్నాడు. ఆ ముఖం పుణ్యమా అని రెండు చోట్ల పని పోయింది. పోతే పోయిందని, అదేదో బిరుదైనట్టు మీసం దువ్వుకుని తిరిగాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఉప్పల్‌లో ఒక సర్కారు బడిలో ఆదివారం పిల్లల చెస్ పోటీ జరుగుతోందని విని వెళ్లాను. హాలుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకు ఇవతల తల్లిదండ్రులు, అవతల పిల్లలు. లోపల వరుసల మధ్య ఒక పొట్టి మనిషి నడుస్తోంది. నేత చీర, కాళ్లకు తెల్ల క్యాన్వాస్ బూట్లు, మెడలో విజిల్. ఆమే సత్యవతి మేడం, ఆ బడిలో ఆటల టీచరు. కాకినాడ వైపు మనిషి. మెడలో విజిల్ ఉన్నా చదరంగం హాల్లో ఏనాడూ ఊదలేదు. ఆ రోజు పోటీకి ఆమే చీఫ్ ఆర్బిటర్, అంటే ప్రధాన తీర్పరి. నేను తాడు పట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కదలకుండా నిలబడటం చూసి దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, మీ పిల్లలెవరు?"

"ఎవ్వరు లేరు మేడం. ఊకెనే ఆట సూద్దామని వచ్చిన."

"మనవలు గాని, చుట్టాలు గాని?"

"ఈ హాల్ల నాకు ఎవ్వరు ఏం గారు."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఇన్నేళ్లుగా ఈ తాడు దగ్గర నిలబడేవాళ్లను చూస్తున్నానండీ. ఎవరికీ ఏమీ కాకుండా వచ్చిన మనిషిని ఇప్పుడే చూడటం. చెప్పులు అక్కడ విడిచి లోపలికి రండి. నాకు మనిషి కావాలి," అంది. నా పేరు అడిగి, చెప్పగానే "ఎల్లయ్య గారూ" అని పిలిచింది. అంతకు ముందు నా పేరు చివర ఆ మాట ఎవరూ తగిలించలేదు. ఇంట్లో చెబితే మా ఆవిడ వారం రోజులు నన్ను అట్లాగే పిలిచి ఏడిపించింది.

ఆర్బిటర్ పని బయటినుంచి చూసేవాళ్లకు ఖాళీగా తిరగడంలా ఉంటుంది. నేనూ అట్లాగే అనుకున్నాను. మొదటి రోజు భోజనాల వేళ మేడం నన్ను ఒక బోర్డు ముందు కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుని, టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఒక్కో ఎత్తు వేయడం మొదలుపెట్టింది. పులిహోర తింటూనే మంత్రిని తీసుకెళ్లి నా గుర్రం నోట్లో పెట్టింది. నేను ఏమీ అనలేదు. "ఇదిగో, ఎడమ కనుబొమ్మ లేచింది," అంది ఆమె. "నా చోట పిల్లవాడుంటే వాడికి మీరే చెప్పేసినట్టు, మంత్రి పోతోందని."

"నేనేం అనలేదు గద మేడం!"

"మీరు అనక్కర్లేదండీ. మీ ముఖం మైకు పట్టుకుని చెబుతోంది. ఎత్తు వేసేముందు పిల్లలు బోర్డు చూడరు, పెద్దవాళ్ల ముఖం చూస్తారు. పుట్టినప్పటి నుంచీ వాళ్లకు అదే అలవాటు. అమ్మ ముఖం, నాన్న ముఖం, టీచరు ముఖం. ఇక్కడైనా ఎవరి ముఖమూ చూడకుండా వాళ్లంతట వాళ్లు ఒక పని చెయ్యాలి. అందుకే మనం."

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ పాఠం నడిచిందో చెప్పలేను. ఆమె కావాలని తప్పుడు ఎత్తులు వేసేది, నేను కదలకుండా నిలబడాలి. కనుబొమ్మ లొంగింది, తర్వాత పెదవి లొంగింది. చివరికి వేళ్లు మిగిలాయి. పావు పోతుంటే నా వేళ్లు వాటంతట అవే ముడుచుకునేవి. "చేతులు వెనక్కి పెట్టుకోండి, వేళ్లు కూడా మాట్లాడతాయి," అంది. ఒక బల్ల దగ్గర ఎక్కువసేపు ఆగకూడదనీ, ఆగితే అక్కడేదో ఉందని పిల్లలకు తెలిసిపోతుందనీ ఆమే చెప్పింది. అద్దం ముందు నిలబడి నా అంతట నేను తిట్టుకుంటూ ముఖం కదలకుండా ప్రాక్టీసు చేస్తుంటే మా ఆవిడ, "ఫోటో దిగుతున్నవా ఏంది?" అనేది.

పిల్లలతో ఆమె తీరు వేరు. ఓడిపోయి ఏడ్చే పిల్లవాణ్ని దగ్గరికి తీసుకుని ఊరడించేది కాదు. తల్లులకు అది నచ్చేది కాదు, రాతి మనిషి అనేవారు. ఆమె ఆ పిల్లవాడి పక్కన నిలబడి, "ముందు పావులన్నీ సర్దెయ్ నాన్నా, ఏడుపు తర్వాత," అనేది. వాడు ముక్కు ఎగబీలుస్తూ ఏనుగులు మూలల్లో, గుర్రాలు వాటి పక్కన, బంటులన్నీ ముందు వరుసలో పెట్టేవాడు. ఆఖరి బంటు పెట్టేసరికి ఏడుపు ఎటు పోయేదో పోయేది. ఎదురుగా మళ్లీ కొత్తగా కనిపించే బోర్డు వైపు చూస్తూ ఉండిపోయేవాడు. తర్వాత మంచినీళ్లు ఇప్పించేది.

పెద్దవాళ్లకు మాత్రం ఆమె దగ్గర వేరే మందు ఉండేది. మా పోటీలు ఎక్కువగా నాచారంలో పెళ్లిళ్లు లేని రోజుల్లో ఫంక్షన్ హాళ్లలో జరిగేవి. వేదిక మీద రాత్రి పెళ్లి తాలూకు బంతిపూలు ఇంకా వేలాడుతూ ఉండేవి. తల్లిదండ్రులు తాడు అవతల కూర్చుని దగ్గులతో, సైగలతో ఆట ఆడించేవారు. ఒకావిడ బిడ్డ గుర్రం ఎత్తాల్సి వచ్చినప్పుడల్లా బాదం పప్పు ప్యాకెట్ చప్పుడు చేసేది. మేడం వాళ్ల కుర్చీలన్నీ గోడవైపు తిప్పించింది. గొడవైంది. "ఫీజు గట్టినం, గోడ సూడనీకా?" అన్నాడు ఒకాయన. "ఫీజు ఆటకు కట్టారండీ, సైగలకు కాదు," అంది ఆమె. అప్పటి నుంచి మా పోటీల్లో తల్లిదండ్రులు గోడకు ముఖం పెట్టి కూర్చోవడం ఆనవాయితీ అయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేం పోటీ అని తెల్లబోయేవారు. పాతవాళ్లు కూర్చుని, గోడ మీద బల్లిని చూస్తూ ఎదురుచూసేవారు.

ఆమెతో నేను నిజంగా తగవు పడింది ఒక్క నియమం మీదే. అప్పట్లో మా దగ్గర ఉన్నవన్నీ కీ ఇచ్చే గడియారాలు. ఒక డబ్బాలో రెండు ముఖాలు, ఇద్దరికీ చెరొకటి. సమయం అయిపోవస్తుంటే ముల్లు ఒక చిన్న ఎర్ర జెండాను పైకి లేపుతుంది, అయిపోగానే ఆ జెండా కిందికి పడుతుంది. త్వరగా ముగిసే ఆటల్లో ఎదుటివాడి జెండా పడితే అది ఆటగాడే చూసుకుని గడియారం ఆపి చెప్పాలి. ఆర్బిటర్ చూసినా చెప్పకూడదు. ఈలోగా రెండో జెండా కూడా పడిందంటే ఆట డ్రా.

"కండ్లతోని జూసి సప్పుడు జేయకుంట ఉండుడా?" అని లేచాను. "నా బతుకంత గసుంటోళ్లతోనే కొట్లాడిన మేడం. జూసి నోరు మూసుకునేటోళ్లతోని."

ఆమె నవ్వలేదు. "గుర్రం ఎక్కడికి దూకించాలో ఆ పిల్లకు మీరు చెబుతారా?"

"ఎందుకు చెప్త?"

"గడియారం చూసుకోవడమూ అంతేనండీ, అదీ ఆటే. అన్యాయం జరిగితే మాట్లాడదాం, మీకన్నా ముందు నేనే మాట్లాడతాను. ఆట జరుగుతుంటే మాత్రం అది వాళ్లది. అందులో మనకు వాటా లేదు."

ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కిన రోజు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. నేను రోడ్ల మీద వంటా వార్పుల్లో కూర్చున్నవాణ్ని, ర్యాలీల్లో ముందు నడిచినవాణ్ని. నాచారం ఫంక్షన్ హాల్లో పన్నెండేళ్ల లోపు పిల్లల పోటీ. మొదటి స్థానం వచ్చినవారిని జిల్లా తరఫున రాష్ట్ర పోటీకి పంపుతారు. కప్పులు, హాలు ఖర్చు పెట్టుకున్నది ప్లాట్ల వ్యాపారం చేసే భాస్కర్. ఆయన కొడుకు రోహిత్ అరపాయింటు ముందున్నాడు. ఆఖరి ఆటలో డ్రా అయినా మొదటి స్థానం వాడిదే. ఎదురుగా ఆడేది లావణ్య అనే పిల్ల. ఆమె గెలిచి తీరాలి. వాళ్లమ్మ లక్ష్మి నాచారంలో జాకెట్లు కుడుతుంది. మిషన్ మీదినుంచి లేచి నేరుగా వచ్చిందేమో, మెడలో కొలత టేపు అట్లాగే ఉంది.

ఆట మొదలవడానికి ముందు చాయ్ దగ్గర భాస్కర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, నువ్వు మనోడివి. ఉద్యమంల ముందట నిలబడ్డోడివి. ఆ ఆంధ్ర మేడం దిక్కు పోకు. జర మా పోరగాని దిక్కు సూస్కో."

"తెలంగాణ అడిగింది గిందుకు గాదు భాస్కర్," అని చాయ్ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. ఒళ్లు మండిపోతోంది. నేరుగా మేడం దగ్గరికి వెళ్లాను. "ఆ బోర్డు కాడ నన్ను పెట్టకున్రి మేడం. నా మనసంత ఆ పిల్ల దిక్కే ఉన్నది."

ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసింది. "మనసు ఎటైనా ఉండనివ్వండి ఎల్లయ్య గారూ. ముఖం మధ్యలో ఉంచండి. మీరే నిలబడండి," అంది.

నిలబడ్డాను. ఆట చివరికి వచ్చేసరికి తక్కిన బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. గడియారం టిక్కుటిక్కుమనడం గోడవైపు కూర్చున్నవాళ్లకు కూడా వినపడుతోంది. ఇద్దరికీ సమయం అడుగంటింది. రోహిత్ రాజును ఎక్కడికి జరపాలా అని ఆలోచిస్తుండగా వాడి జెండా పడింది. చప్పుడు లేకుండా, ఎండుటాకు రాలినట్టు. వాడు రాజును జరిపి గడియారం నొక్కాడు. ఇప్పుడు తిరుగుతున్నది లావణ్య గడియారం, ఆమె జెండా కూడా ముల్లు మీదికి ఎక్కి నిలబడి ఉంది. అది పడేలోగా చూసుకుంటే ఆమె గెలుస్తుంది. చూసుకోకపోతే డ్రా, కప్పు రోహిత్‌ది. ఆమె బోర్డు మీదే వంగి ఉంది. తల ఎత్తి నా ముఖం చూసింది.

నా బతుకులో అంత గట్టిగా అరవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఫ్యాక్టరీ గేటు ముందు కూడా అనిపించలేదు. వెనక ఒక చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకుని, బోర్డు మూలన ఖాళీగా ఉన్న గడి వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల నా ముఖంలో వెతికి వెతికి, ఏమీ దొరకక, రోహిత్ వైపు తిరిగింది. తర్వాత గడియారం వైపు. మరుక్షణం రెండు బటన్లనూ సమంగా నొక్కి ఆపేసి, "తాతా, రోహిత్ టైం అయిపోయింది," అంది. ఆమె జెండా ఇంకా నిలబడే ఉంది. చూసి, ఆమె గెలిచిందని చెప్పాను.

భాస్కర్ కుర్చీ తన్నేసి లేచాడు. "గీ ముసలాయన సైగ జేసిండు! నా కండ్లతోని జూసిన!"

మేడం నింపాదిగా వచ్చింది. "మీ కుర్చీ గోడవైపు ఉంది కదండీ. ఎలా చూశారు?"

తల్లిదండ్రులందరూ గొల్లున నవ్వారు. ఆయనకు అది ఇంకా ఎక్కువ మండింది. "ఎక్కడ్నించో వచ్చిన ఆంధ్రామె మా నాచారంల మాకు న్యాయం జెప్తదా?" అన్నాడు. నా నోరు తెరుచుకోబోయింది. మేడం నావైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది. ఆగిపోయాను. కాని లక్ష్మి ఆగలేదు. మెడలోని టేపు సర్దుకుంటూ, "గడియారాన్ని గూడ అడుగన్నా, అది ఏ జిల్లాదో," అంది.

మేడం పిల్లలిద్దరినీ అందరి ముందే అడిగింది, ముందు లావణ్యను. "నీకెలా తెలిసిందమ్మా?"

"తాత ముఖం జూసిన మేడం. ఏం సమజ్ గాలె. మల్ల రోహిత్ ముఖం జూసిన. వాడు గడియారం దిక్కు దొంగసూపు జూసిండు. గప్పుడు నేను గూడ జూసిన."

రోహిత్ తల దించుకుని పావులు సర్దుతున్నాడు. ఎవరూ చెప్పకుండానే, తనవీ, లావణ్యవీ కూడా. తండ్రి అరుస్తూనే ఉన్నాడు, వాడు బంటులు వరుసగా పెడుతూనే ఉన్నాడు. "నువ్వు చెప్పు నాన్నా. ఈ తాతగారు సైగ చేశారా?" అని అడిగింది మేడం.

వాడు ఆఖరి బంటు పెట్టి తల ఎత్తాడు. "లేదు మేడం. నా జెండా పడ్డది నాకు ఎరుకే. తాతకు గూడ ఎరుకైందా అని నేను గూడ ఆయన ముఖం జూసిన. ఆయన సూడనే లేదనుకున్న."

భాస్కర్ తన కొడుకు చెయ్యి పట్టుకుని, "నడువ్ పోదాం. కప్పులన్నీ బండ్ల ఎక్కియ్‌న్రి," అన్నాడు. మేడం అడ్డం చెప్పలేదు. "కప్పులు మీవే, తీసుకెళ్లండి. ఫలితం మాత్రం ఇక్కడే ఉంటుంది," అంది. అప్పుడు రోహిత్ చెయ్యి విడిపించుకున్నాడు. "సెకండ్ కప్పు నాది డాడీ. నేను గెల్సుకున్న. స్టేజీ మీదనే తీసుకుంట," అని కుర్చీలోనే కూలబడ్డాడు, ఎవరు లేపినా లేవలేదు. కొడుకు కోసం తండ్రి కూడా ఉండక తప్పలేదు. ఉన్నందుకు స్టేజీ ఎక్కి, పెద్ద కప్పు తన చేత్తోనే లావణ్యకు ఇవ్వకా తప్పలేదు. ఫోటోలో ఆయన ముఖం చూడాలి. అచ్చం ఒకప్పటి నా ముఖమే.

ఆ సాయంత్రం మేడం, నేను ఉప్పల్ బస్సు కోసం నాచారం స్టాపులో నిలబడ్డాం. ఆమె మెచ్చుకునే మనిషి కాదు. అన్నేళ్లలో "సరే", "రండి" తప్ప నా పని గురించి ఏమీ అనలేదు. బస్సు దూరాన కనపడ్డాక, బూటు లేసు బిగించుకుంటూ, "జెండా పడినప్పుడు నేనూ మీ ముఖమే చూశానండీ," అంది. "నాకూ ఏమీ తెలియలేదు." అంతే, బస్సు ఎక్కేసింది. నేను ఆ బస్సు ఎక్కడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. మల్లాపూర్‌లో నా ముఖం చూసి మిషన్లు ఆగిన రోజుల్లో కూడా నాకు అంత గర్వం కలగలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఆమె స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మీరు అడిగింది వచ్చిందిగా, ఇవాళైనా ఆ కనుబొమ్మ లేపండి," అంది. లేపాను. మా ఆవిడ, ఆమె కలిసి నవ్వారు. మేడం పోయి కొన్నేళ్లయింది. పేరు ఫ్లెక్సీలో లేకపోతే పోనీ అని సరిపెట్టుకునే మనిషిని కాను నేను, అందుకే ఈ నాలుగు ముక్కలు రాశాను.

నిన్న సాయంత్రం సెల్లార్‌లో మళ్లీ పావుల చప్పుడు వినిపిస్తే కిందికి దిగాను. కొత్తగా వచ్చినవాళ్ల పిల్ల ఒకతె ఏనుగు మీద వేలు పెట్టబోయి ఆగి, తల ఎత్తి నా ముఖం చూసింది. ఆ ఏనుగు కదిలిందంటే ఆమె రాజుకు మూడినట్టే. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, బోర్డు మూలన ఖాళీగా ఉన్న గడి వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల ఇంకాసేపు చూసి, ఇక లాభం లేదనుకుని, తిరిగి బోర్డు మీదికి వంగింది. చెయ్యి ఏనుగు మీదినుంచి గుర్రం మీదికి పోయింది. పక్కన స్కూటీ స్టాండు వేస్తున్న ఆ పిల్ల తల్లి ఇదంతా చూసి, ఎవరితోనో ఫోన్లో మెల్లగా అంటోంది. "ఎవరో ముసలాయన, రోజూ వచ్చి నిలబడ్తడు. పాపం, ఆట అస్సలు రాదనుకుంట."

మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేదాకా ముఖం కదలనివ్వలేదు.